ఆ సూర్యుడి కరెంటు మనకీ ఇస్తారా?

పోయిన దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మా అవ్వ నన్ను ఒక ప్రశ్న అడిగింది. మా ఊరు హోసూరు పక్కన. ఇంట్లో తెలుగు, టీవీలో తమిళం, సంతకు పోతే ఆ రెండిటితో పాటు కన్నడం. ఆ రోజు తమిళ వార్తల్లో ‘కృత్రిమ సూర్యుడు’ అని చెప్పి చైనాలోని ఒక పెద్ద యంత్రాన్ని చూపించారు. పూలు కడుతున్న అవ్వ దారం పక్కన పెట్టింది.

“ఏం పాపా, చైనావోళ్ళు కొత్త సూర్యుణ్ణి చేసినారంట, నిజమేనా?”

“సూర్యుణ్ణి కాదవ్వా. సూర్యుడి లోపల జరిగే పనిని ఒక డబ్బాలో చేయాలని చూస్తున్నారు. కరెంటు కోసం.”

“అయితే ఆ కరెంటు మనకీ ఇస్తారా, వాళ్ళే పెట్టుకుంటారా?”

నేను చదివేది భౌతికశాస్త్రం, మూడో సంవత్సరం. అవ్వ మొదటి ప్రశ్నకు జవాబు మా పాఠ్యపుస్తకంలో ఉంది. రెండో ప్రశ్నకు లేదు. “తెలుసుకుని చెప్తానవ్వా” అన్నాను. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది, కొంచెం సిగ్గుపడుతూనే చెప్తున్నాను. మొదటి సంవత్సరంలో ఒక సెమినార్‌లో నేను లేచి, “అమెరికాలో పెట్టిన శక్తికంటే ఎక్కువ శక్తి వచ్చేసింది, ఇక కరెంటుకు కొదవ లేదు” అని గట్టిగా చెప్పాను. మా మేడం ఒక్కటే అడిగారు: “గోడలోని ప్లగ్గు నుంచి ఎంత తీసుకున్నారు?” నాకు తెలియదు. కూర్చున్నాను. ఆ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడ ఉంది.

చీల్చడం వేరు, కలపడం వేరు

అణు విద్యుత్తు అంటే మన తమిళనాడులో అందరికీ గుర్తొచ్చేవి కల్పాక్కం, కూడంకుళం. అక్కడ జరిగేది కేంద్రక విచ్ఛిత్తి. యురేనియం లాంటి పెద్ద కేంద్రకాన్ని చీలిస్తే వేడి పుడుతుంది. ఈ వ్యాసంలో చెప్పేది దానికి తలకిందులు. రెండు చిన్న కేంద్రకాలను ఒకదానితో ఒకటి కలిపేయడం. దీన్ని తెలుగులో కేంద్రక సంలీనం అంటారు. లీనం కావడం అంటే కలిసిపోవడం అని మన తెలుగు క్లాసులో అందరం చదివిందే. ఇంత చక్కగా అతికే మాట ఇంగ్లీషులో కూడా లేదనిపిస్తుంది నాకు.

సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను ఇలా కలిపి హీలియంగా మారుస్తుంటాడు. ఆ మార్పులో కాస్త ద్రవ్యరాశి తగ్గుతుంది. ఆ తగ్గినదే వెలుగు, వేడి అయి మన పెరట్లో బట్టలు ఆరబెడుతోంది.

భూమి మీద శాస్త్రవేత్తలు మామూలు హైడ్రోజన్ వాడరు, దాంతో ఈ పని మరీ మెల్లగా జరుగుతుంది. హైడ్రోజన్‌కు ఇద్దరు బరువైన అన్నదమ్ములున్నారు. ఒకటి డ్యుటీరియం, ఇంకొకటి ట్రిటియం. ఈ రెండూ కలిస్తే ఒక హీలియం కేంద్రకం, ఒక న్యూట్రాన్ వస్తాయి. పుట్టిన శక్తిలో నూటికి 80 వంతులు ఆ న్యూట్రాన్‌తో వెళ్తుంది. అది గోడకు తగిలి గోడను వేడెక్కిస్తుంది. ఆ వేడితో నీళ్ళు కాచి, ఆవిరితో టర్బైన్ తిప్పాలి. ఇంత విజ్ఞానమూ చివరికి నీళ్ళు కాచడానికే!

డ్యుటీరియం దొరకడం కష్టం కాదు. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 33 మిల్లీగ్రాములు ఉంటుంది. తెలంగాణలోని మణుగూరులో ఉన్న భారజల కర్మాగారం చేసే పని నీటి నుంచి డ్యుటీరియం ఎక్కువగా ఉన్న నీటిని వేరు చేయడమే. ఆ భారజలాన్ని కల్పాక్కంలో ఉన్నలాంటి విచ్ఛిత్తి రియాక్టర్లలో వాడతారు. కానీ ట్రిటియం అలా కాదు. దానిలో సగం 12 ఏళ్ళ చిల్లరలో తనంతట తానే క్షీణించిపోతుంది. 1000 మెగావాట్ల సంలీన శక్తి ఒక ఏడాది పుట్టాలంటే 50 కిలోలకు పైగా ట్రిటియం కావాలి. లోకంలో పౌర అవసరాలకు ఉన్న నిల్వ కొన్ని పదుల కిలోలే. అందుకని యంత్రం గోడల్లో లిథియం పెట్టి, బయటికి వచ్చే న్యూట్రాన్లతోనే ట్రిటియంను తయారుచేసుకోవాలన్నది ఆలోచన. పాలు తోడు పెట్టడానికి నిన్నటి పెరుగు కావాలన్నట్టు, యంత్రం తన మేతను తానే పుట్టించుకోవాలి. ఒక విద్యుత్ కేంద్రానికి సరిపడేంతగా ఇది ఇంతవరకూ ఎవరూ చేసి చూపించలేదు.

గారె ఆకారం

రెండు కేంద్రకాలకూ ధన విద్యుదావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. ఆ తోపును దాటి కలవాలంటే అవి విపరీతమైన వేగంతో కదలాలి. అంటే విపరీతమైన వేడి కావాలి. సూర్యుడి నడిబొడ్డున 1.5 కోట్ల డిగ్రీలుంటుంది. అక్కడ సూర్యుడి బరువే పదార్థాన్ని నొక్కి పట్టుకుంటుంది. మనకు ఆ బరువు లేదు కాబట్టి వేడి ఇంకా పెంచాలి, సుమారు 15 కోట్ల డిగ్రీలకు.

ఆ వేడిలో పదార్థం ప్లాస్మా అవుతుంది. ఎలక్ట్రాన్లు వేరు, కేంద్రకాలు వేరుగా విడిపోయిన వాయువు అన్నమాట. దాన్ని పట్టే గిన్నె ఏదీ లేదు. గిన్నెకు తగిలితే ప్లాస్మా చల్లబడిపోతుంది, గిన్నె కూడా దెబ్బతింటుంది. కానీ ప్లాస్మాకు విద్యుదావేశం ఉంది కాబట్టి అయస్కాంతం మాట వింటుంది. అందుకని అయస్కాంత క్షేత్రంతో గాలిలోనే పట్టి ఉంచుతారు. ఆ పాత్ర ఆకారం అచ్చంగా మన గారె. నడుమ చిల్లు, చుట్టూ గుండ్రం. ప్లాస్మా ఆ గుండ్రంలో తిరుగుతూ ఉంటుంది. 1950ల్లో సోవియట్ శాస్త్రవేత్తలు తామ్, సఖారోవ్ చేసిన ఆలోచన ఇది. దీనికి ‘టోకమాక్’ అని పేరు. రష్యన్‌లో కొన్ని మాటల ముందక్షరాలు కలిపి చేసిన పేరు అది.

“పేలిపోతే?” అని అవ్వ అడిగింది, కూడంకుళం గొడవలు టీవీలో చూసింది కదా. ఈ యంత్రం అలా పేలదు. ఏ సమయంలోనైనా లోపల ఉండే ఇంధనం కొన్ని గ్రాములకు మించదు. ఏ చిన్న లోపం వచ్చినా ప్లాస్మా చల్లబడి ఆరిపోతుంది. దాన్ని ఆర్పడం కష్టం కాదు, వెలిగించి ఉంచడమే కష్టం. అలాగని ఏ ప్రమాదమూ లేదనడం కూడా తప్పే. ట్రిటియం రేడియోధార్మిక పదార్థం, న్యూట్రాన్ల దెబ్బకు యంత్రం గోడలు కూడా రేడియోధార్మికం అవుతాయి. వాటిని జాగ్రత్తగా చూసుకోవాలి.

మేడం అడిగిన లెక్క

వార్తల్లో వచ్చే సంఖ్యలను మనం ఇంటి మీటరు యూనిట్లలోకి మార్చి చూద్దాం. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు, అంటే 3.6 మెగాజౌళ్ళు.

2022 డిసెంబరు 5న అమెరికాలో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేజర్ కిరణాలను ఒక చిన్న ఇంధన గుళిక వైపు గురిపెట్టారు. గుళికను చేరిన లేజర్ శక్తి 2.05 మెగాజౌళ్ళు. సంలీనం వల్ల వచ్చింది 3.15 మెగాజౌళ్ళు. పెట్టినదానికంటే ఎక్కువ రావడం అదే మొదటిసారి. చరిత్రలో నిలిచే రోజే. కానీ 3.15 మెగాజౌళ్ళంటే ఒక యూనిట్ కూడా కాదు. ఆ లేజర్లను నడపడానికి ప్లగ్గు నుంచి తీసుకున్నది సుమారు 300 మెగాజౌళ్ళు, అంటే 80 యూనిట్ల పైమాట. మేడం, ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే!

ఇంగ్లండ్‌లోని కల్హమ్ దగ్గర జెట్ అనే టోకమాక్ ఉండేది. యూరప్ దేశాలు కలిసి నడిపాయి. 2023లో దాని చివరి ప్రయోగాల్లో అయిదారు సెకన్లలో 69 మెగాజౌళ్ళు వచ్చాయి. సుమారు 19 యూనిట్లకు సమానమైన వేడి. దానికి అయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు మాత్రమే, ఆవగింజకంటే తక్కువ బరువు! ఆశ్చర్యమే. కానీ అక్కడ కూడా ప్లాస్మాను వేడిచేయడానికి పెట్టిన శక్తి వచ్చినదానికంటే ఎక్కువ.

ఇక అవ్వ చూసిన చైనా యంత్రం. దాని పేరు ఈస్ట్, ఉన్నది హెఫే నగరంలో. 2025 జనవరి 20న అది ప్లాస్మాను 1066 సెకన్లు నిలిపింది. నెల తిరగకముందే, ఫిబ్రవరి 12న, ఫ్రాన్స్‌లోని వెస్ట్ అనే యంత్రం 1337 సెకన్లు, అంటే 22 నిమిషాల పైన నిలిపింది. ఈ రెండూ ‘ఎంతసేపు పట్టి ఉంచగలం’ అనే పరీక్షలు. వాటిలో ట్రిటియం లేదు, కరెంటు పుట్టలేదు.

కాబట్టి ‘కృత్రిమ సూర్యుడు’ అనే వార్త చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎంత వేడి? ఎంతసేపు? ప్లగ్గు నుంచి ఎంత తీసుకుని ఎంత ఇచ్చింది? ఈ మూడిటికీ ఒకేసారి మంచి జవాబు చెప్పిన యంత్రం ఇప్పటిదాకా లేదు.

దాచుకున్న రోజులు

ఇప్పుడు అవ్వ రెండో ప్రశ్నకు వస్తాను. దానికి జవాబు భౌతికశాస్త్రంలో కాదు, చరిత్రలో దొరికింది.

1951 మార్చిలో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్ ఒక ప్రకటన చేశాడు. తమ దేశంలో రిక్టర్ అనే శాస్త్రవేత్త ఒక దీవిలో సంలీనాన్ని సాధించేశాడని. అది నిజం కాదని తర్వాత తేలింది. కానీ ఆ వార్త అమెరికాలో లైమన్ స్పిట్జర్ అనే శాస్త్రవేత్తను ఆలోచనలో పడేసింది. అది అబద్ధమే అయి ఉండవచ్చు, మరి నిజంగా చేయాలంటే ఎలా చేయాలి అని. అలా ప్రిన్‌స్టన్‌లో పరిశోధన మొదలైంది. అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మూడూ ఈ పరిశోధనను రహస్యంగానే చేశాయి. హైడ్రోజన్ బాంబు కూడా సంలీనమే కాబట్టి ఆ భయం.

1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత ఉపయోగాలపై ఐక్యరాజ్య సమితి పెద్ద సభ పెట్టింది. దానికి అధ్యక్షుడు మన హోమీ భాభా. ఆ రోజుల్లో ఎవరూ పైకి మాట్లాడని ఈ సంగతిని ఆయన తన ప్రసంగంలో బయటపెట్టాడు. రెండు దశాబ్దాల్లో సంలీన శక్తిని అదుపులో పెట్టి వాడుకునే మార్గం దొరుకుతుందని ఆశపడ్డాడు. ఆ లెక్క తప్పింది. కానీ మూసిన గదుల్లో జరిగే పనిని సభలో నిలబడి పేరు పెట్టి చెప్పిన ధైర్యం మాత్రం నాకు గొప్పగా అనిపిస్తుంది.

మరుసటి ఏడాది, 1956లో, సోవియట్ శాస్త్రవేత్త కుర్చాతోవ్ బ్రిటన్‌లోని హార్వెల్ ప్రయోగశాలకు వచ్చి తమ పరిశోధనను అందరి ముందూ వివరించాడు. వినేవాళ్ళు నిర్ఘాంతపోయారు. తాము ఏది దాచుకుంటున్నారో అదే అవతలివాళ్ళూ చేస్తున్నారు! పడిన తప్పటడుగులు కూడా దాదాపు అవే. 1958 జనవరిలో బ్రిటన్ తన జీటా యంత్రంలో సంలీనం జరిగిందని ఆర్భాటంగా ప్రకటించి, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో జెనీవాలో జరిగిన రెండో సభలో మూడు దేశాలూ తమ కాగితాలు బయటపెట్టాయి. ఇది ఒక్కరితో అయ్యే పని కాదని అందరికీ అర్థమైపోయింది.

మాస్కోకు మోసుకెళ్ళిన లేజర్

నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇది.

1968లో సోవియట్ నగరం నోవోసిబిర్‌స్క్‌లో ఒక అంతర్జాతీయ సభ జరిగింది. అర్త్సిమోవిచ్ అనే శాస్త్రవేత్త, తమ టి-3 టోకమాక్‌లో ప్లాస్మా కోటి డిగ్రీల దాకా వేడెక్కిందని చెప్పాడు. మిగతా దేశాల యంత్రాల్లో వచ్చేదానికంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. పశ్చిమ దేశాలవాళ్ళు నమ్మలేదు. “మీరు కొలిచిన పద్ధతి సరిగా లేదేమో” అన్నారు.

అలాంటప్పుడు మనమైతే ఏం చేస్తాం? కోపం వస్తుంది, తలుపు వేసుకుంటాం. అర్త్సిమోవిచ్ అలా చేయలేదు. లేజర్‌తో ప్లాస్మా వేడిని కొలిచే విద్య బ్రిటన్‌లోని కల్హమ్ శాస్త్రవేత్తల దగ్గర ఉంది. “మీరే వచ్చి, మీ పరికరంతోనే కొలవండి” అని వాళ్ళను పిలిచాడు. ఆ ఏడాదే సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియాలోకి వెళ్ళాయి. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న కాలం. అయినా డెరెక్ రాబిన్‌సన్, నికోల్ పీకాక్ వంటి బ్రిటిష్ శాస్త్రవేత్తలు కొన్ని టన్నుల పరికరాలతో మాస్కోలోని కుర్చాతోవ్ సంస్థకు వెళ్ళారు. నెలల తరబడి అక్కడే ఉండి 1969లో కొలిచారు. సోవియట్ లెక్క నిజమేనని తేలింది. ఆ ఫలితాన్ని ‘నేచర్’ పత్రికలో ఇరుపక్షాలవాళ్ళూ కలిసి ప్రచురించారు.

తర్వాత ఏమైందంటే, ప్రిన్‌స్టన్‌వాళ్ళు తమ సొంత నమూనా యంత్రాన్ని మార్చి టోకమాక్ చేసుకున్నారు. మిగతా దేశాలూ అదే దారి పట్టాయి. ఇవాళ లోకంలో ఎక్కువ ప్రయోగశాలల్లో గారె ఆకారమే ఉండడానికి కారణం ఒక దేశం గెలవడం కాదు. అనుమానించినవాణ్ణి లోపలికి పిలిచి కొలవమనడం.

ఏడు పాలివాళ్ళ ఇల్లు

1985 నవంబరులో జెనీవాలో రీగన్, గోర్బచేవ్ కలిశారు. అణ్వాయుధాల సంగతి ఎలా ఉన్నా, సంలీన పరిశోధన మానవాళి మేలు కోసం కలిసి చేద్దామని ఒప్పుకున్నారు. అక్కడినుంచి పుట్టిందే ‘ఈటర్’. లాటిన్‌లో ఆ మాటకు దారి అని అర్థం.

ఆ దారి నున్నగా ఏమీ లేదు. 1990ల చివర్లో అమెరికా బయటికి పోయింది, 2003లో తిరిగి వచ్చింది. ఎక్కడ కట్టాలని జపాన్‌కూ ఫ్రాన్స్‌కూ పోటీ నడిచి, 2005లో ఫ్రాన్స్‌లోని కడరాష్‌కు ఖాయమైంది. ఆ ఏడాది డిసెంబరులో భారతదేశం చేరింది. 2006 నవంబరు 21న పారిస్‌లో సంతకాలయ్యాయి. యూరోపియన్ యూనియన్, భారత్, చైనా, జపాన్, దక్షిణ కొరియా, రష్యా, అమెరికా. సరిహద్దు దగ్గర సైనికులను ఎదురెదురుగా నిలబెట్టుకునే దేశాలు కూడా ఈ పట్టికలో పక్కపక్కనే ఉన్నాయి.

నిర్మాణ ఖర్చులో సుమారు 45 శాతం యూరప్‌ది, మిగిలిన ఆరుగురివి తలా 9 శాతం. ఇందులో విశేషం ఏమిటంటే, ఎక్కువ భాగం డబ్బుగా ఇవ్వరు. భాగాలు తయారుచేసి పంపిస్తారు. మా ఊళ్ళో పెళ్ళికి ఒకరు బియ్యం, ఒకరు కూరగాయలు, ఒకరు పందిరి చూసుకున్నట్టు. పెద్ద అయస్కాంతాలు జపాన్, యూరప్ చేశాయి. నడుమ నిలిచే అయస్కాంత స్తంభం అమెరికాది. ప్లాస్మాను పట్టే ఉక్కు పాత్ర ముక్కలు కొరియా, యూరప్ పంచుకున్నాయి.

మన వంతు? ఆ యంత్రం మొత్తాన్నీ లోపల పెట్టుకునే ఉక్కు కవచం, క్రయోస్టాట్. అయస్కాంతాలు పనిచేయాలంటే వాటిని మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. నడుమ 15 కోట్ల డిగ్రీలు, కొన్ని మీటర్ల అవతల అంత చలి. బయటి వేడి లోపలికి చేరకుండా చుట్టూ శూన్యం కావాలి. మనం కాఫీ పోసుకునే ఫ్లాస్కులో ఉన్న సూత్రమే. కానీ ఈ ఫ్లాస్కు ఎత్తు 29 మీటర్లు, వెడల్పు 29 మీటర్లు, బరువు 3850 టన్నులు. గాంధీనగర్ దగ్గరున్న ప్లాస్మా పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో, గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టి దీన్ని తయారుచేసింది. ఒకే ముక్కగా పంపడం కుదరదు కాబట్టి 54 ముక్కలుగా ఓడల్లో పంపి, అక్కడ వెల్డింగ్ చేశారు. 2020 మేలో, లోకమంతా కరోనాతో ఇళ్ళలో ఉన్నప్పుడు, 1250 టన్నుల అడుగుభాగాన్ని గోతిలోకి దించారు. ఈటర్ యంత్రంలో మొదట కూర్చున్న పెద్ద భాగం అదే. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇక్కడ రాయకుండా ఉండలేను.

అవ్వ ప్రశ్నకు సగం జవాబు ఈ ఒప్పందంలోనే ఉంది. 9 శాతం పెట్టిన దేశానికి కూడా అక్కడి ప్రయోగ ఫలితాల్లో, అక్కడ పుట్టిన విజ్ఞానంలో పూర్తి పాలు ఉంటుంది. తొమ్మిది పాళ్ళు పెడితే నూరు పాళ్ళ చదువు వస్తుంది.

ఆలస్యం ఖరీదు

పది చేతులతో వండిన వంటలో ఉప్పు తేడా వస్తుందన్న భయం ఇక్కడా నిజమైంది. వేర్వేరు ఖండాల్లో చేసిన ముక్కలు మిల్లీమీటర్ల లెక్కలో ఒకదానికొకటి అతకాలి. ఉక్కు పాత్ర ముక్కల అంచుల కొలతల్లో తేడాలు, చల్లబరిచే గొట్టాలలో పగుళ్ళు ఉన్నాయని 2022లో ప్రకటించారు. అప్పటికే గోతిలో అమర్చిన ఒక పెద్ద భాగాన్ని మరుసటి ఏడాది మళ్ళీ పైకి తీయాల్సి వచ్చింది. 2025లో మొదటి ప్లాస్మా వస్తుందని ముందు అనుకున్నారు. 2024లో కొత్త పట్టిక వచ్చింది. అసలు పరిశోధన మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం-ట్రిటియంతో నడిపేది 2039లో. అదనంగా 500 కోట్ల యూరోలు ఖర్చవుతాయన్నారు. అంత చేసినా ఈటర్ కరెంటు ఇవ్వదు. 50 మెగావాట్ల వేడి పెట్టి 500 మెగావాట్ల సంలీన శక్తి తీయవచ్చని చూపించే ప్రయోగశాల మాత్రమే అది.

ఈ ఆలస్యం చూసి ఓపిక లేనివాళ్ళు సొంత దారి పట్టారు. అమెరికాలో ఎం.ఐ.టి. నుంచి పుట్టిన కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ 2021లో 20 టెస్లాల బలమైన కొత్త రకం అయస్కాంతాన్ని చేసి చూపించింది. అయస్కాంతం ఎంత బలమైతే యంత్రం అంత చిన్నదవుతుంది. హీలియన్ అనే ఇంకో కంపెనీ 2028కల్లా కరెంటు ఇస్తానని మైక్రోసాఫ్ట్‌తో 2023లోనే ఒప్పందం చేసుకుంది. చైనా ఈటర్‌లో సభ్యురాలిగా ఉంటూనే హెఫేలో బెస్ట్ అనే కొత్త యంత్రాన్ని వేగంగా కడుతోంది. జెట్ యంత్రానికి నెలవైన బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చింది, ఈటర్‌లోకి తిరిగి చేరకుండా సొంత కార్యక్రమం పెట్టుకుంటానని 2023లో చెప్పింది.

పోటీ చెడ్డదని నేను అనడం లేదు. పోటీ లేకపోతే ఆ కొత్త అయస్కాంతం ఇంత త్వరగా వచ్చేది కాదు. కానీ కంపెనీ పెట్టుబడి పెట్టినవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. పేటెంటు తీసుకుంటుంది, కీలకమైన సంగతి దాచుకుంటుంది. దేశాలు కూడా ఇది రేపటి అధికారం అనుకుంటే మళ్ళీ 1950ల్లోలాగా తలుపులు మూసుకుంటాయి. అప్పుడు ఎవరైనా ‘సాధించేశాం’ అంటే, వెళ్ళి కొలిచి చూసేవాళ్ళు ఎవరు? జీటా నాటి తప్పు మళ్ళీ జరిగినా బయటివాళ్ళకు తెలిసేదెలా?

ఇంకో పక్క చూస్తే, ఉక్రెయిన్ యుద్ధం మొదలై రష్యాతో సంబంధాలు తెగిపోతున్న 2022 నవంబరులోనే, రష్యా చేసిన ఒక పెద్ద అయస్కాంత చుట్ట సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఓడెక్కింది. మరుసటి ఏడాది మొదట్లో కడరాష్ చేరింది. నెమ్మదిగానైనా ఆ తలుపు తెరిచే ఉంది.

అవ్వకు చెప్పిన జవాబు

పోయిన వారం ఫోన్ చేసి చెప్పాను. “అవ్వా, రెండు రకాలవాళ్ళున్నారు. ఒకరు కలిసి కడుతున్నారు. దాంట్లో మన దేశం కూడా పాలివాడే, వచ్చే విద్య మనకూ వస్తుంది. కానీ చాలా ఆలస్యం. ఇంకొకరు తొందరగా చేస్తామంటున్నారు. వాళ్ళకు ముందు వస్తే మనం కొనుక్కోవాల్సిందే.”

“కలిసి కట్టేది ఎప్పటికవుతుంది?”

“అసలు పరీక్ష 2039లో. మన ఇంటికి కరెంటు రావాలంటే ఇంకా ఎన్నో ఏళ్ళు.”

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. మా తోటలో బోరుకు త్రీ-ఫేజు కరెంటు ఏ వేళకు వస్తుందా అని రాత్రిళ్ళు కాచుకున్న మనిషి ఆమె. తర్వాత అడిగింది:

“విద్య మనకూ వస్తుందంటివే. అది వచ్చేటప్పటికి నేర్చుకున్నోళ్ళు మనదాంట్లో ఉండాల కదా? ఉండారా?”

ఈ సగాన్ని నేను ఆలోచించలేదు. ఒప్పందం హక్కు ఇస్తుంది, అంతే. ఆ కాగితాలు చదివి, ఆ యంత్రాన్ని అర్థం చేసుకుని, ఇక్కడ కట్టగలిగేవాళ్ళు లేకపోతే ఆ హక్కు బీరువాలో పెట్టిన నగలాంటిదే. ఫ్లాస్కు మనం చేశాం, బాగానే చేశాం. ఆ ఫ్లాస్కు లోపల జరిగే పని నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదే అవ్వ ప్రశ్న. గాంధీనగర్‌లో 1989 నుంచి ఆదిత్య అనే చిన్న టోకమాక్ ఉంది, తర్వాత అతివాహక అయస్కాంతాలతో ఎస్.ఎస్.టి.-1 కూడా కట్టారు. అంటే నేర్చుకునే చోటు మన దేశంలోనే ఉంది. ఎమ్మెస్సీ తర్వాత ప్లాస్మా భౌతికశాస్త్రం చదవాలంటే ఏం చేయాలో మా మేడంను అడిగాను. ఆమె చెప్పిన వివరాలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి, కావలసినవాళ్ళు మూడో సంవత్సరం భౌతికశాస్త్రం క్లాసుకు వచ్చి అడగండి. తెలుగు తీసుకున్న చెల్లెళ్ళు మొహమాటపడకండి, నేను ఇంగ్లీషులో కంటే తెలుగులోనే బాగా చెప్పగలను.

ఈ వ్యాసంలో అర్థం కానిది ఏదైనా ఉంటే, తప్పు కనిపించినా సరే, చీటీ రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. వచ్చే సంచికలో జవాబు రాస్తాను. ఈసారి ప్లగ్గు లెక్కలతో సహా.

— మూడో సంవత్సరం, భౌతికశాస్త్రం